బంతి సమాధి పక్కన ఆగితే ఏం చేయాలి? దిల్లీ గోల్ఫ్ క్లబ్బుల లోకల్ రూల్స్ కథ

బంతి పాత సమాధి గోడకు ఆనుకుని ఆగింది. స్టిక్ వెనక్కి ఎత్తితే రాయికి తగులుతుంది. పక్కకు తీసుకుని ఆడొచ్చని ఒకరంటారు. ఒక పెనాల్టీ స్ట్రోక్ పడుతుందని ఇంకొకరంటారు. గోడతో సహా కొట్టాల్సిందేనని మూడో ఆయన నవ్వుతాడు. ముగ్గురిలో ఎవరి మాట నెగ్గాలి?

దిల్లీలో గోల్ఫ్ ఆడేవారికి ఇది నిజంగానే ఎదురయ్యే ప్రశ్న. జాకిర్ హుస్సేన్ మార్గ్‌లోని దిల్లీ గోల్ఫ్ క్లబ్ కోర్సు మొఘలుల కాలపు కట్టడాల నడుమ ఉంది. అందులో లాల్ బంగ్లా రక్షిత కట్టడం. దాన్ని షా ఆలం 2 తల్లి లాల్ కున్వర్ పేరుతో ముడిపెట్టి చెబుతారు. హైదరాబాద్ పాఠకులకు ఇదేమీ వింతగా ఉండదు. గోల్కొండ నయా ఖిల్లాలో కుతుబ్‌షాహీల గోడల మధ్య కూడా గోల్ఫ్ ఆడుతున్నారు.

అయితే ఆ ప్రశ్నకు జవాబు అంతర్జాతీయ నియమాల పుస్తకంలో ఒక్క వాక్యంగా దొరకదు. అది ఆ క్లబ్బు స్కోర్‌కార్డు వెనక చిన్న అక్షరాల్లో, లేదా పోటీ రోజున నోటీసు బోర్డుకు అంటించిన కాగితంలో ఉంటుంది. దాన్నే లోకల్ రూల్స్ అంటారు. చాలామంది దాన్ని చదవకుండానే మొదటి టీ దగ్గరికి వెళ్లిపోతారు.

సమాధి అంటే గోల్ఫ్ భాషలో ఏమిటి?

ప్రపంచమంతటా గోల్ఫ్ నియమాలను రాసేవి రెండే సంస్థలు: బ్రిటన్‌లోని ఆర్ అండ్ ఏ, అమెరికాలోని యూఎస్‌జీఏ. ప్రస్తుత నియమాలు 2019లో సమూలంగా మారాయి, 2023లో మరోసారి సవరించారు. ఏ కోర్సు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది, అందులోని గోడలు, గుంటలు, పొదలు ఏ కోవలోకి వస్తాయి అన్నది తేల్చే పని మాత్రం క్లబ్బు కమిటీదే.

సమాధి విషయంలో కమిటీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, దాన్ని మనిషి కట్టిన కదలని అడ్డంకిగా వదిలేయడం. అప్పుడు బంతి ఉన్నచోటు, నిలబడే చోటు, స్టిక్ ఊపే దారి... వీటిలో దేనికి గోడ అడ్డొచ్చినా ఆటగాడికి ఉచిత ఉపశమనం దొరుకుతుంది. అడ్డు పూర్తిగా తొలగిపోయే దగ్గరి చోటును గుర్తించి, అక్కడి నుంచి ఒక స్టిక్ పొడవులోపు, రంధ్రానికి దగ్గర కాకుండా, మోకాలి ఎత్తు నుంచి బంతిని వదలాలి. పెనాల్టీ ఉండదు.

రెండోది, ఆ కట్టడాన్ని కోర్సులో అంతర్భాగంగా ప్రకటించడం. అప్పుడు ఉచిత ఉపశమనం ఉండదు. ఉన్నచోటి నుంచే ఆడాలి, లేదంటే ఆడలేని బంతిగా ప్రకటించి ఒక స్ట్రోక్ నష్టపోవాలి. మూడోది, కట్టడం చుట్టూ నో ప్లే జోన్ గీయడం. అక్కడ ఆడాలా వద్దా అన్న ఎంపిక ఆటగాడికి ఉండదు, బంతిని బయటికి తీసుకునే ఆడాలి. రెండు శతాబ్దాల నాటి రాతిని ఇనుప స్టిక్ దెబ్బ నుంచి కాపాడాలంటే నా దృష్టిలో సరైన దారి ఇదే.

సమాధి బంతికి, రంధ్రానికి మధ్య నిలబడి చూపుకు అడ్డొస్తే మాత్రం ఉచిత ఉపశమనం లేదు. చెట్టు అడ్డొస్తే ఎలా ఆడతామో అలాగే పక్కనుంచో పైనుంచో కొట్టుకోవాలి. అదే పెద్ద టోర్నమెంట్లలో తాత్కాలికంగా కట్టే గ్యాలరీలు, టీవీ టవర్లు చూపుకు అడ్డొస్తే ప్రత్యేక లోకల్ రూల్ కింద ఉపశమనం ఇస్తారు. నాలుగు రోజుల టవర్‌కు దక్కే ఈ సౌకర్యం మొఘల్ సమాధికి దక్కదు!

రెండు కాగితాలు, రెండు అధికారాలు

క్లబ్బుల్లో తరచూ కలగాపులగమయ్యే విషయం ఒకటుంది. బంతి గురించి చెప్పే లోకల్ రూల్స్ వేరు. దుస్తులు, అతిథులు, ఫోన్లు, క్యాడీల గురించి చెప్పే క్లబ్ నిబంధనలు వేరు.

మొదటి దాంట్లో కమిటీ చేతులు చాలావరకు కట్టేసి ఉంటాయి. ఆర్ అండ్ ఏ, యూఎస్‌జీఏ ఇచ్చిన నమూనా లోకల్ రూల్స్ నుంచి తన కోర్సుకు తగినవి ఎంచుకోవచ్చు, లేదా వాటి ఉద్దేశానికి లోబడి కొత్తవి రాసుకోవచ్చు. ‘మా క్లబ్బులో బంతిని ఐదు నిమిషాలు వెతుక్కోవచ్చు’ అనడానికి వీల్లేదు. 2019 నుంచి వెతికే గడువు మూడు నిమిషాలే. మొదటి షాట్ బాగా రాకపోతే మళ్లీ కొట్టుకునే ‘మల్లిగన్’ను పోటీలో చట్టబద్ధం చేయడానికీ వీల్లేదు.

రెండో కాగితంలో మాత్రం క్లబ్బుకు దాదాపు ఇష్టారాజ్యం. దాని సంగతి చివర్లో చూద్దాం.

లోకల్ రూల్ చదవకపోతే ఏమవుతుందో ప్రపంచమంతా ఒకసారి టీవీలో చూసింది. 2010 అమెరికా పీజీఏ ఛాంపియన్‌షిప్ విస్లింగ్ స్ట్రెయిట్స్‌లో జరిగింది. ఆ కోర్సులో వందలాది ఇసుక గుంటలున్నాయి. ప్రేక్షకులు తొక్కి పాడుచేసినవి సహా అన్నీ బంకర్లేనని లోకల్ రూల్ రాసి ఆటగాళ్ల గదిలో అంటించారు. చివరి రంధ్రం దగ్గర డస్టిన్ జాన్సన్ తన బంతి ఉన్న చోటును జనం తొక్కిన మామూలు నేల అనుకుని స్టిక్‌ను ఇసుకకు ఆనించాడు. రెండు పెనాల్టీ స్ట్రోకులు పడ్డాయి. ప్లేఆఫ్ అవకాశం పోయింది. ట్రోఫీ మార్టిన్ కేమర్ ఎత్తుకెళ్లాడు.

దిల్లీలో అసలు గొడవ పొదలతో

సమాధులు ఫొటోలకు అందంగా ఉంటాయి కానీ, దిల్లీ గోల్ఫ్ క్లబ్‌లోని 18 రంధ్రాల లోధీ కోర్సులో స్కోర్లను పాడుచేసేవి పొదలు. ఫెయిర్‌వేలు ఇరుకు. వాటికి అటూఇటూ దట్టమైన ముళ్ల చెట్లు. 2025 అక్టోబరులో ఇక్కడ జరిగిన డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్‌లో రోరీ మెకిల్‌రాయ్ అంతటివాడే ఈ ఇరుకును చూసి డ్రైవర్‌ను పక్కనపెట్టాడు. ఆ టోర్నమెంట్ టామీ ఫ్లీట్‌వుడ్ గెలిచాడు. ప్రపంచంలో అత్యంత బలంగా కొట్టేవారిలో ఒకడు వెనక్కి తగ్గిన చోట, వారాంతపు ఆటగాడి బంతి ఎక్కడికి వెళ్తుందో చెప్పనక్కర్లేదు.

ఇక్కడే లోకల్ రూల్ విలువ తెలుస్తుంది. టీ నుంచి కొట్టిన మొదటి బంతి పొదలోకి వెళ్లిందనుకుందాం.

పొదకు ప్రత్యేక గుర్తులేమీ లేకుంటే, మూడు నిమిషాల్లో బంతి దొరకకపోతే అది పోయినట్టే. వెనక్కి టీ దగ్గరికి నడిచి మళ్లీ కొట్టాలి. అది మూడో స్ట్రోక్ అవుతుంది. ఈ తిరుగు నడక తప్పించుకోవడానికే అనుమానం రాగానే ‘ప్రొవిజనల్’ అని స్పష్టంగా చెప్పి రెండో బంతి కొట్టి ఉంచుకోవాలి. ఆ మాట చెప్పకుండా కొడితే, మొదటి బంతి దొరికినా అది చెల్లదు.

బంతి దొరికింది కానీ ముళ్ల మధ్య ఇరుక్కుందా? ఆడలేని బంతిగా ప్రకటించి, ఒక పెనాల్టీతో రెండు స్టిక్ పొడవుల లోపు వదలొచ్చు. పొద వెడల్పుగా ఉంటే ఆ రెండు పొడవులూ పొదలోనే అయిపోతాయి. రంధ్రానికీ బంతికీ గీసిన గీత వెంట వెనక్కి వెళ్లడం, లేదా కిందటి షాట్ కొట్టిన చోటికే తిరిగి వెళ్లడం మిగతా మార్గాలు.

అదే పొద చుట్టూ కమిటీ ఎర్ర కర్రలు పాతించి ఉంటే కథే వేరు. 2019కి ముందు అలాంటి గుర్తులు నీళ్లున్న చోట్లకే. ఇప్పుడు నీళ్లు లేకున్నా, చిట్టడవిని సైతం పెనాల్టీ ఏరియాగా గుర్తించవచ్చు. బంతి దొరకనవసరం లేదు, లోపలికే వెళ్లిందని దాదాపు ఖాయమైతే చాలు. అది సరిహద్దు దాటిన చోట, రెండు స్టిక్ పొడవుల లోపు వదిలి మూడో స్ట్రోక్ ఆడొచ్చు. అదే పొద, అదే చెత్త షాట్, కానీ ఒక చోట మూడో స్ట్రోక్ టీ నుంచి, ఇంకోచోట రెండు వందల గజాలు ముందు నుంచి. కమిటీ పాతించే నాలుగు కర్రల విలువ అంత!

ఇంకో మధ్యే మార్గమూ ఉంది. నమూనా లోకల్ రూల్స్‌లో ఈ-5 అనేది వారాంతపు ఆటల కోసం పెట్టింది. బంతి పోయినా, హద్దు దాటినా వెనక్కి నడవకుండా, అది పోయిన చోటుకు సమాంతరంగా ఫెయిర్‌వే అంచున బంతి వదిలి, రెండు పెనాల్టీ స్ట్రోకులతో ఆడొచ్చు. టీ షాట్ పోతే తర్వాతి దెబ్బ నాలుగోది. ప్రొవిజనల్ కొట్టి ఉంటే ఈ సౌలభ్యం వర్తించదు. ఉన్నతస్థాయి పోటీలకు ఇది తగదని నియమ సంస్థలే చెబుతాయి. కాబట్టి శనివారం స్నేహితులతో వాడుకున్న ఈ-5, ఆదివారం క్లబ్ ఛాంపియన్‌షిప్‌లో ఉండకపోవచ్చు. పొరపాట్లు ఎక్కువగా జరిగేది ఈ ఒక్క రోజు తేడాలోనే.

వానలో ఒకటి, పొగమంచులో ఒకటి

వర్షాకాలంలో దిల్లీ ఫెయిర్‌వేల మీద బురద, నిలిచిన నీళ్లు మామూలే. నిలిచిన నీటి నుంచి, సొంత గుంటలో కూరుకుపోయిన బంతికి ఉచిత ఉపశమనం అసలు నియమాల్లోనే ఉంది. బంతికి అంటిన బురద తుడుచుకోవడానికి మాత్రం లోకల్ రూల్ కావాలి. అదే ఈ-3, ‘ప్రిఫర్డ్ లైస్’. ఫెయిర్‌వే ఎత్తుకు కోసిన గడ్డి మీద బంతి ఉంటే ఎత్తి, తుడిచి, నిర్ణీత దూరంలో నచ్చిన చోట పెట్టుకోవచ్చు. ఆ దూరం ఆరు అంగుళాలా, స్కోర్‌కార్డు పొడవా, ఒక స్టిక్ పొడవా అన్నది కమిటీ రాయాలి. ఒకసారి పెట్టాక బంతి ఆటలో ఉన్నట్టే, ‘ఇంకొంచెం పక్కకి’ అని మళ్లీ జరపకూడదు. రఫ్‌లో ఈ వెసులుబాటు లేదు.

శీతాకాలపు ఉదయాల్లో కురిసే పొగమంచు గుడ్డిగా కొట్టే ప్రమాదం తెస్తుంది. ముందున్న బృందం కనిపించకుండా బంతి కొట్టడం నియమాల మాట అటుంచి, ఒకరి తల పగలగొట్టే పని. కమిటీ ఆట ఆపినప్పుడు సైరన్ భాష తెలిసుండాలి. ఒక్కటే దీర్ఘంగా మోగితే ప్రమాదం పొంచి ఉందని అర్థం. స్టిక్ గాల్లో ఉన్నా సరే, ఆ క్షణమే ఆపాలి. వరుసగా మూడుసార్లు మోగితే మామూలు విరామం, మొదలుపెట్టిన రంధ్రం పూర్తిచేసుకోవచ్చు. రెండు చిన్న మోతలు మళ్లీ మొదలుపెట్టమని.

కోతులు, నెమళ్ల గురించి రెండు ముక్కలు. ఆగి ఉన్న బంతిని కోతి ఎత్తుకెళ్లినట్టు తెలిస్తే పెనాల్టీ లేకుండా ఉన్నచోటే మరో బంతి పెట్టాలి. కదులుతున్న బంతి నెమలికి తగిలి దారి మళ్లితే, అది ఆగిన చోటి నుంచే ఆడాలి. అదే దెబ్బ గ్రీన్ మీద నుంచి కొట్టినదైతే మళ్లీ కొట్టాలి.

పోటీ రోజున పేరు కొట్టేయించే పొరపాట్లు

క్లబ్ పోటీల్లో ఓడిపోవడం కన్నా అనర్హులుగా బయటికి రావడమే ఎక్కువ బాధ. ఆ పొరపాట్లలో చాలావరకు ఆటతో సంబంధం లేనివి.

మొదటిది సమయం. టీ టైమ్ 7.10 అంటే 7.10కి సిద్ధంగా ఉండాలి. ఐదు నిమిషాల లోపు ఆలస్యమైతే స్ట్రోక్ ప్లేలో రెండు పెనాల్టీ స్ట్రోకులు. అది దాటితే అనర్హత. రింగ్ రోడ్డు మీద ట్రాఫిక్ జామ్ అసాధారణ కారణం కిందికి రాదు. ఈ మినహాయింపు అడిగి భంగపడేవారు దిల్లీలోనే కాదు, అన్ని నగరాల్లోనూ ఉన్నారు.

రెండోది హ్యాండిక్యాప్. 2020లో వచ్చిన ప్రపంచ హ్యాండిక్యాప్ వ్యవస్థ ప్రకారం చివరి 20 రౌండ్లలో మెరుగైన 8 రౌండ్ల ఆధారంగా ఆటగాడి సూచీ లెక్కిస్తారు. గరిష్ఠం 54. ఈ సూచీని ఆడబోయే కోర్సు కష్టానికి తగ్గట్టు మార్చుకోవాలి. ఉదాహరణకు సూచీ 18, కోర్సు స్లోప్ 130, కోర్సు రేటింగ్, పార్ రెండూ 72 అనుకుందాం. 18ని 130తో హెచ్చించి 113తో భాగిస్తే 20.7, అంటే కోర్సు హ్యాండిక్యాప్ 21. వ్యక్తిగత స్ట్రోక్ ప్లేలో సాధారణంగా అందులో 95 శాతమే ఇస్తారు కాబట్టి చేతికొచ్చేది 20. సులువైన కోర్సులో సంపాదించిన సూచీ కష్టమైన కోర్సులో ఎందుకు పెరుగుతుందో దీంతో అర్థమవుతుంది. 2023 నుంచి స్కోర్‌కార్డు మీద హ్యాండిక్యాప్ రాయాల్సిన బాధ్యత ఆటగాడిది కాదు, కమిటీది. కానీ సరైన స్కోర్లు నమోదు చేయడం మాత్రం ఆటగాడి పనే. బహుమతుల కోసం కావాలని చెడ్డ స్కోర్లు పోగేసి హ్యాండిక్యాప్ పెంచుకునేవారు అన్ని క్లబ్బుల్లో ఉంటారు. క్లబ్బు మనుషులు వాళ్లను పేరుపెట్టి పిలవరు కానీ ఎవరో అందరికీ తెలుసు.

మూడోది మొహమాటం. రెండడుగుల దూరంలో ఉన్న బంతిని ‘తీసేయ్, పడినట్టే’ అని వదిలేయడం స్నేహితుల ఆటలో అలవాటు. మ్యాచ్ ప్లేలో ప్రత్యర్థి అలా వదలొచ్చు. స్ట్రోక్ ప్లేలో బంతి రంధ్రంలో పడకుండా తర్వాతి టీ నుంచి ఆడితే అనర్హతే. ‘మేమిద్దరం ఒప్పుకున్నాం’ అన్న సమాధానం ఇంకా ప్రమాదకరం. తెలిసిన నియమాన్ని పట్టించుకోవద్దని ఇద్దరు ఒప్పందం చేసుకుంటే ఇద్దరినీ తొలగిస్తారు.

మొదట్లో చూసిన సమాధి లాంటి సందేహం పోటీ మధ్యలో వస్తే? స్ట్రోక్ ప్లేలో దీనికో చక్కని మార్గముంది. రెండు బంతులతో ఆ రంధ్రం పూర్తి చేయొచ్చు. ఏ బంతి లెక్కలోకి రావాలని కోరుకుంటున్నారో ముందే మార్కర్‌కు చెప్పాలి. స్కోర్‌కార్డు ఇచ్చే ముందు విషయం కమిటీకి తెలియజేయాలి. రెండు బంతులకూ ఒకే స్కోరు వచ్చినా సరే చెప్పి తీరాలి, లేదంటే అనర్హత. ‘రెండూ ఐదే కదా’ అని ఊరుకున్నవారు ఇక్కడే దెబ్బతింటారు.

చివరిది సంతకం. 1968 మాస్టర్స్‌లో రాబర్టో డి విసెంజో 17వ రంధ్రంలో 3 స్ట్రోకులే ఆడాడు. మార్కర్ 4 అని రాశాడు. విసెంజో చూసుకోకుండా సంతకం పెట్టాడు. ఎక్కువ రాస్తే ఆ ఎక్కువే ఖాయమవుతుంది. ఒక్క అంకెతో ప్లేఆఫ్ పోయింది, బాబ్ గోల్బీ విజేత అయ్యాడు. తక్కువ రాసి సంతకం పెడితే శిక్ష ఇంకా కఠినం, పోటీ నుంచే తొలగిస్తారు. ఏ రంధ్రానికి ఎంత అన్నదే ఆటగాడి బాధ్యత. మొత్తం కూడిక తప్పితే సరిచేసుకునేది కమిటీయే.

ఆగేవాలా ఎవరి మనిషి?

దిల్లీ, కోల్‌కతా కోర్సుల్లో క్యాడీతోపాటు ‘ఆగేవాలా’ కనిపిస్తాడు. ముందుగా నడిచి, బంతి ఎక్కడ పడిందో కనిపెట్టడం ఆయన పని. పొదలున్న కోర్సులో మూడు నిమిషాల గడువుకు అసలు విలువ ఆయన కళ్లే. వెతుకుతూ పొరపాటున బంతిని తన్నినా పెనాల్టీ లేదు, ఉన్నచోటికి తిరిగి పెట్టాలి. అయితే బంతిని కావాలని కాలితో మంచి చోటికి జరిపితే, అది తెలిసీ ఆడిన ఆటగాడు మోసం చేసినట్టే. క్యాడీ చేసే తప్పుకు పెనాల్టీ ఆటగాడి ఖాతాలోకే వెళ్తుంది. ఆటగాడు నిలబడి గురిచూసుకుంటున్నప్పుడు క్యాడీ వెనక గీతలో నిలబడి దిశ చెప్పడం 2019 నుంచి నిషేధం.

నియమాల పుస్తకం క్యాడీకి ఇంత చోటిచ్చింది. క్లబ్ నిబంధనలు ఇచ్చిన చోటు మాత్రం చిన్నది. మన దేశంలో క్యాడీలు సాధారణంగా క్లబ్బు జీతగాళ్లు కారు. రౌండుకింత అని ఆటగాడు ఇస్తాడు. వాన పడి కోర్సు మూస్తే ఆ పూట సంపాదన లేదు. అయినా భారత గోల్ఫ్ చరిత్రలో పెద్ద పేర్లు కొన్ని ఈ దారినే వచ్చాయి. దిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో క్యాడీగా మొదలైన అలీ షేర్ 1991లో అదే కోర్సులో ఇండియన్ ఓపెన్ గెలిచాడు. 1964లో మొదలైన ఆ టోర్నమెంట్‌ను గెలిచిన తొలి భారతీయ ప్రొఫెషనల్ అతనే. 1993లో మళ్లీ గెలిచాడు. 2016లో ఇదే కోర్సులో, 2017లో గురుగ్రామ్ డీఎల్ఎఫ్ కోర్సులో ఇండియన్ ఓపెన్ గెలిచిన ఎస్ఎస్‌పీ చౌరాసియా తండ్రి కోల్‌కతాలో గోల్ఫ్ కోర్సు గడ్డిని చూసుకునే ఉద్యోగి.

గేటు లోపలికి ఎవరు రావచ్చన్నది రెండో కాగితం తేల్చే విషయం. దిల్లీ గోల్ఫ్ క్లబ్ సభ్యత్వం కోసం దశాబ్దాల తరబడి వేచి ఉండాల్సి రావడం రాజధానిలో అందరికీ తెలిసిన సంగతే. ఈ కోర్సులోనే ఆట నేర్చుకుని, 2010 ఆసియా క్రీడల్లో జట్టుకు రజతం తెచ్చిన వారిలో ఒకడైన రషీద్ ఖాన్, సభ్యులు కాని ప్రొఫెషనల్స్‌ను ప్రాక్టీసుకు అనుమతించడం లేదని బహిరంగంగానే ఫిర్యాదు చేశాడు. 2017 జూన్‌లో అతిథిగా భోజనానికి వచ్చిన మేఘాలయ మహిళను, ఆమె కట్టుకున్న ఖాసీ సంప్రదాయ వస్త్రం జైన్‌సెమ్ పనిమనిషి దుస్తుల్లా ఉందంటూ సిబ్బంది బయటికి పంపారన్న ఆరోపణ దేశమంతటా దుమారం రేపింది. కాలర్ ఉన్న చొక్కా వేసుకోవాలి, జీన్స్ వద్దు అనే నిబంధనలు ఏ క్లబ్బులోనైనా ఉంటాయి. వాటిని చదివేది ఎవరు, ఎవరి మీద ప్రయోగిస్తారు అన్నదానికి మాత్రం ఆర్ అండ్ ఏ దగ్గర నమూనా రూల్ లేదు.

సభ్యత్వం లేనివారికి దిల్లీలో దారి లేకపోలేదు. లాడో సరాయ్‌లో డీడీఏ నడిపే కుతుబ్ గోల్ఫ్ కోర్సు 2000లో మొదలైంది. దేశంలో తొలి పబ్లిక్ గోల్ఫ్ కోర్సుగా దానికి పేరు. రుసుము కట్టి ఆడొచ్చు. ఉత్తర దిల్లీలో భల్స్వా చెరువు పక్కన డీడీఏకే మరో చిన్న కోర్సు ఉంది. ఏ కోర్సుకు వెళ్లినా స్టార్టర్ దగ్గర మూడు ప్రశ్నలు అడిగి తెలుసుకోవాలి: ఇవాళ ప్రిఫర్డ్ లైస్ ఉందా, ఎంత దూరం? పొదల దగ్గర ఎర్ర కర్రలున్నాయా? ఈ-5 అమల్లో ఉందా? స్కోర్‌కార్డు వెనక్కి తిప్పి చూపిస్తారు.